దొంగతనం, దోపిడీ ఒకటేనా? ఎఫ్ఐఆర్‌లో 'దొంగతనం' అని రాస్తే కేసు తేలికైపోయినట్టేనా?

మీరు రాసిన విషయం క్లుప్తంగా ఇదీ. మీ బాబాయి వాళ్లు ఇంటికి తాళం వేసి పెళ్లికి వెళ్లారు. రాత్రి ఎవరో తాళం పగలగొట్టి బీరువాలో బంగారం ఎత్తుకెళ్లారు. మర్నాడు పేపర్లో 'భారీ దోపిడీ' అని వచ్చింది. ఎఫ్ఐఆర్ కాపీ తీసుకుని చూస్తే అందులో దొంగతనం అని ఉంది. పోలీసులు కేసును నీరుగార్చారా అని మీ అనుమానం. ఇన్సూరెన్స్ వాళ్లు వాడిన 'బర్గ్లరీ' అనే మాట ఏంటన్నది రెండో ప్రశ్న.

మీరు చెప్పినదాన్ని బట్టి చూస్తే స్టేషన్లో రాసిందే సరి, పేపర్లో వచ్చిందే తప్పు. నేను హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ కాలం స్టేషన్ రైటర్‌గానే గడిచింది. జనం ఏడుస్తూనో, అరుస్తూనో చెప్పింది విని, ఏ సెక్షన్ కింద కేసు కట్టాలో ఎస్సై గారితో మాట్లాడి రాసే పని. కాబట్టి ఈ రెండు మాటల గొడవ నాకు బాగా అలవాటే.

జనం దృష్టిలో దొంగతనం అంటే చిన్నది, దోపిడీ అంటే పెద్దది. జేబులో ఐదొందలు పోతే దొంగతనం, ఇంట్లో నలభై తులాలు పోతే దోపిడీ. చట్టం ఈ లెక్కన చూడదు. ఎంత పోయింది అనేదానికంటే ఎలా పోయింది అనేది ముఖ్యం. మనుషులు లేని ఇంట్లోంచి నలభై తులాలు పట్టుకుపోయినా దొంగతనమే. రోడ్డు మీద నడిచిపోయేవాణ్ని ఆపి, కత్తి చూపించి, రెండొందలు లాక్కుంటే అది దోపిడీ. మీ బాబాయి ఇంట్లో ఆ రాత్రి ఎవరూ లేరు. ఎవర్నీ కొట్టలేదు, బెదిరించలేదు, కట్టిపడేయలేదు. దోపిడీ అనడానికి కావలసిన మనిషే అక్కడ లేడు.

ఇక్కడ చాలామంది పొరబడేది ఇంకోటుంది. దొంగతనం ఒక నేరం, దోపిడీ దానికి సంబంధం లేని మరో నేరం అనుకుంటారు. అలా కాదు. దొంగతనం పెద్ద మాట, దోపిడీ అందులోంచి పుట్టిన ఇరుకు మాట. భారతీయ న్యాయ సంహిత 309వ సెక్షన్ మొదలయ్యేదే ఇలా: ప్రతి దోపిడీలోనూ దొంగతనమో, బెదిరించి వసూలు చేయడమో ఉంటుంది. దీనికి ముందున్న పాత నేరాల చట్టం ఐపీసీలో 390 కూడా ఇదే చెప్పేది. 2024 జులై 1 నుంచి సెక్షన్ నంబర్లు మారాయి గానీ ఈ నిర్వచనం మారలేదు.

ముందు దొంగతనం ఏంటో చూడండి. ఒకరి స్వాధీనంలో ఉన్న కదిలే వస్తువును, వాళ్ల అనుమతి లేకుండా, దురుద్దేశంతో అక్కణ్నుంచి కదిలించడం. ఇది పాత 378, ఇప్పటి 303. ఇందులో ప్రతి ముక్కకీ బరువుంది. 'స్వాధీనం' అన్నారు, 'సొంతం' అనలేదు. చట్టంలోనే ఒక ఉదాహరణ ఉంది: నీ వాచీ ఒకరి దగ్గర తాకట్టు పెట్టావు, అప్పు తీర్చకుండా చెప్పాపెట్టకుండా ఆ వాచీ తెచ్చేసుకున్నావు. వాచీ నీదే, అయినా నువ్వు దొంగవే. మరో ఉదాహరణలో ఉంగరం రోడ్డు మీద పడి ఉంటుంది, అది ఎవరి స్వాధీనంలోనూ లేదు. దాన్ని తీసుకుంటే దొంగతనం కాదు. సొంతదారు ఎవరో తెలిసీ ఇవ్వకుండా వాడేసుకుంటే వేరే నేరం అవుతుంది, అంతే. ఇక 'కదిలించడం' అంటే ఊరు దాటించక్కర్లేదు. దురుద్దేశంతో ఉన్నచోటు నుంచి జరిపితే నేరం అక్కడికే పూర్తయినట్టు.

ఈ నిర్వచనంలో 'రహస్యంగా' అన్న మాట ఎక్కడా లేదు చూశారా? మన భాషలో దొంగతనం అంటేనే చాటుమాటు వ్యవహారం. దొంగచూపు, దొంగనిద్ర, దొంగచాటుగా రావడం. అందుకే 'నా కళ్లముందే పట్టుకుపోయాడు సార్, దొంగతనం అంటారేంటి' అని కొందరు మామీద కోప్పడేవారు. కళ్లముందు పట్టుకుపోయినా దొంగతనమే. దోపిడీ అన్న మాట గతి ఇంకోలా ఉంది. స్కూలు ఫీజుల దోపిడీ, టోల్‌గేటు దోపిడీ, శ్రమ దోపిడీ అంటూ కోపం వచ్చిన ప్రతిచోటా వాడి, మామూలు మాటల్లో దాన్ని సాగదీశాం. చట్టంలో ఇరుకైన మాట వీధిలో వెడల్పయింది. పేపర్ హెడ్డింగు వీధి భాషలో ఉంటుంది, ఎఫ్ఐఆర్ చట్టం భాషలో ఉంటుంది. మీ ఇబ్బంది అక్కడే మొదలైంది.

దొంగతనం ఎప్పుడు దోపిడీగా మారుతుంది? దొంగతనం చేయడానికో, చేస్తూ ఉండగానో, తీసిన సొత్తును పట్టుకుపోవడానికో ఎవరినైనా చంపినా, గాయపరిచినా, కదలకుండా అడ్డుకున్నా, కనీసం ఆ ప్రయత్నం చేసినా. లేదా ఇప్పుడే చంపుతానని, ఇప్పుడే కొడతానని, ఇప్పుడే కట్టేస్తానని భయపెట్టినా. 'ఇప్పుడే' అన్నది గట్టిగా పట్టుకోండి. 'వచ్చే వారం లోపు డబ్బు పంపకపోతే నీ సంగతి చూస్తా' అని ఫోన్ చేసి గుంజితే అది బెదిరింపు వసూలు, 308వ సెక్షన్. అదే మనిషి మీ ఎదుట నిలబడి, మెడ మీద కత్తి పెట్టి, మీ చేత్తోనే పర్సు తీయించి ఇప్పించుకుంటే దోపిడీ.

ఇందులో ఒక మెలిక ఉంది. ఆ దెబ్బ, ఆ భయం దొంగతనం కోసమే అయి ఉండాలి. మా స్టేషన్‌కి ఒక రైతు తలకి తువ్వాలు చుట్టుకుని వచ్చాడు, తువ్వాలంతా రక్తం. ముందు ఆస్పత్రికి పంపి కట్టు కట్టించాం, తర్వాత కూర్చోబెట్టి విషయం అడిగాం. రాత్రి పొలంలో మోటారు కేబుల్ కోస్తున్న వాడి మీదకి టార్చి వేశాడు. వాడు కర్రతో ఈయన తల మీద కొట్టి పరిగెత్తాడు. రాగి తీగ కోసం అలా కేబుళ్లు కోసుకుపోవడం అప్పట్లో ఎక్కువగా ఉండేది. రైతు పట్టు ఒకటే: 'నా తల పగిలింది, ఇది దోపిడీ అని రాయాలి.'

ఎస్సై గారు అడిగిన ప్రశ్న ఇప్పటికీ గుర్తుంది. "వైరు చుట్ట ఏమైంది?"

"అక్కడే పడేశాడు సార్. టార్చి పడగానే చుట్ట కింద పడేసి, కర్ర తీసుకుని కొట్టాడు."

అంతే, ఆ ఒక్క జవాబుతో తేలిపోయింది. చుట్ట వదిలేశాక కొట్టాడు కాబట్టి ఆ దెబ్బ తప్పించుకోవడానికి వేసింది, వైరు పట్టుకుపోవడానికి వేసింది కాదు. కాబట్టి దొంగతనానికి ఒక సెక్షన్, కొట్టినందుకు ఇంకో సెక్షన్. చుట్ట భుజాన వేసుకుని, అడ్డొచ్చాడని కొట్టి ఉంటే అదే కర్ర, అదే గాయం, కానీ కేసు దోపిడీ అయ్యేది. ఆ రైతుకి ఇది నచ్చలేదు. ఆయన స్థానంలో ఉంటే నాకూ నచ్చేది కాదేమో. చార్జిషీటు కోర్టుకెళ్లాక డిఫెన్స్ లాయరు మొదట అడిగేది మాత్రం ఆ చుట్ట సంగతే.

రాసీ రాసీ నాకు ఒక అలవాటైంది. వచ్చినవాళ్లు వాడే నామవాచకాన్ని పట్టించుకునేవాణ్ని కాదు, క్రియ కోసం వినేవాణ్ని. 'దోపిడీ జరిగింది, దొంగలు పడ్డారు, ఘోరం జరిగింది' అన్న మాటలతో ఏమీ తెలియదు. 'ఎత్తుకెళ్లారు' అంటే చాలావరకు దొంగతనం. 'లాక్కెళ్లారు' అంటే చేతిలోంచో మెడలోంచో పోయింది, ఇంకా అడగాలి. 'కట్టేసి దోచుకున్నారు' అంటే దోపిడీ. 'కాజేశాడు' అన్నారంటే నమ్మి ఇచ్చిన వస్తువు అయి ఉంటుంది. నగ చేయమని బంగారం ఇస్తే పనివాడు దాంతో ఉడాయించడం లాంటిది. అది నమ్మకద్రోహం, ఇప్పుడు 316. 'ఎగ్గొట్టాడు' అంటే అప్పు వ్యవహారం, చాలాసార్లు సివిల్ కోర్టుకి పొమ్మనాల్సిందే. మనవాళ్లు క్రియలో అబద్ధం ఆడరు. 'ఫోన్ పోయింది' అన్నదొక్కటే నన్ను ఎప్పుడూ విసిగించేది. ఎక్కడో జారిపోయినా పోయిందే, ఎవడో కొట్టేసినా పోయిందే. ప్రతిసారీ 'జారిపోయిందా, ఎవరైనా కొట్టేశారా' అని మళ్లీ అడగాల్సి వచ్చేది.

లాక్కెళ్లడం గురించి ఒక మాట. గొలుసు తెంపుకుపోయే కేసులకి ఐపీసీలో విడిగా సెక్షన్ లేదు. ఒకచోట మామూలు దొంగతనం కింద, ఇంకోచోట దోపిడీ కింద కట్టేవారు. కొత్త చట్టంలో 304 అని ప్రత్యేకంగా పెట్టారు. దొంగతనం చేసేటప్పుడు హఠాత్తుగానో, వేగంగానో, బలవంతంగానో గుంజుకుంటే అది స్నాచింగ్, మూడేళ్ల వరకు జైలు, జరిమానా. అంటే దొంగతనానికీ దోపిడీకీ మధ్య ఇంకో మెట్టు వచ్చింది. అయితే గొలుసు వదలట్లేదని ఆమెను కొట్టినా, తోసి పడేసినా, చెవి తెగుతుందని తెలిసీ కమ్మ లాగేసినా దోపిడీ సెక్షన్ పెట్టడానికి వీలుంటుంది. అలాంటి గాయం ఉంటే డాక్టరు సర్టిఫికెట్ తప్పకుండా ఉండాలి.

దోపిడీలోంచి పుట్టిన మరింత ఇరుకు మాట బందిపోటు. ఐదుగురు లేదా అంతకంటే ఎక్కువమంది కలిసి దోపిడీ చేస్తే, చేయబోయినా సరే, 310వ సెక్షన్. బయట కాపలా కాసినవాడూ ఆ ఐదుగురి లెక్కలోకి వస్తాడు. నలుగురే ఉంటే ఎంత భయంకరంగా చేసినా అది దోపిడీయే. గుర్రాలూ తలపాగాలూ అక్కర్లేదు, తలకాయలు లెక్కపెడితే చాలు. బందిపోటుకి యావజ్జీవం దాకా వేయొచ్చు. దానికి సన్నాహాలు చేసుకోవడమే విడిగా నేరం. మన చట్టంలో సన్నాహానికే శిక్ష ఉన్న నేరాలు బహు తక్కువ.

ఇక మీ అసలు భయం. దొంగతనం అని రాస్తే శిక్ష తగ్గిపోతుందా?

ఉత్త దొంగతనానికి మూడేళ్ల వరకు, దోపిడీకి పదేళ్ల వరకు అన్నది నిజమే. దారిదోపిడీ అయితే, అంటే హైవే మీద సూర్యాస్తమయానికీ సూర్యోదయానికీ మధ్య జరిగితే, పద్నాలుగేళ్ల దాకా. కానీ మీ బాబాయి కేసు ఉత్త దొంగతనం కాదు. ఇంట్లో దొంగతనానికి వేరే సెక్షన్ ఉంది, 305, ఏడేళ్ల వరకు. దానికి తోడు తాళం పగలగొట్టి లోపలికి వచ్చారు. దాన్నే మనవాళ్లు కన్నం వేయడం అంటారు. గోడకే కన్నం వేయక్కర్లేదు. తాళం తీసి లోపలికి జొరబడినా, మనుషులు వచ్చిపోయే దారి కాని చోటు నుంచి దూరినా చట్టం దృష్టిలో అదే. స్టేషన్ భాషలో హెచ్‌బీ, హౌస్ బ్రేకింగ్. పగలు జరిగితే హెచ్‌బీ బై డే, రాత్రి జరిగితే హెచ్‌బీ బై నైట్. దొంగతనం కోసం రాత్రిపూట కన్నం వేస్తే 331వ సెక్షన్ నాలుగో ఉపసెక్షన్ కింద పద్నాలుగేళ్ల దాకా జైలు వేయొచ్చు. పాత చట్టంలో ఇది 457. '457, 380' అని రెండూ కలిపి రాయడం నా చేతికి ఎంత అలవాటైందంటే ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా ఆ పాత నంబర్లే చెబుతాను.

అంటే పేపర్లో రాసిన 'దోపిడీ'కి పదేళ్లు. ఎఫ్ఐఆర్‌లో మీకు తేలిగ్గా కనిపించిన దొంగతనానికి, రాత్రి కన్నం సెక్షన్ తోడైతే, పద్నాలుగు. గరిష్ఠ శిక్ష అంతుందని కోర్టు అంతా వేస్తుందని కాదు. ఏ మాట పెద్దగా వినిపిస్తోందో చూసి కేసు బరువు అంచనా వేయొద్దని చెబుతున్నాను.

కాబట్టి ఎఫ్ఐఆర్‌లో మీరు వెతకాల్సింది దోపిడీ అన్న మాట కోసం కాదు. 331, 305 రెండూ ఉన్నాయా చూడండి. ఒట్టి 303 ఒక్కటే ఉంటే అప్పుడు నిజంగానే అడగాలి. తాళం పగిలిన సంగతి ఫిర్యాదులో రాశారా, పంచనామాలో ఎక్కిందా అని కనుక్కోండి. లేకపోతే మీ బాబాయి చేత అదనపు వాంగ్మూలం ఇప్పించండి. దర్యాప్తులో సెక్షన్లు మార్చే వీలుంది, కోర్టుకి మెమో వేసి మారుస్తారు. ఫిర్యాదు నోటితో చెబితే రాసుకుని చదివి వినిపించి సంతకం తీసుకోవాలని చట్టంలోనే ఉంది. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలనీ ఉంది. చదవకుండా సంతకం పెట్టేవాళ్లే ఎక్కువ, ఆ సమయంలో వాళ్ల మనసు మనసులో ఉండదు మరి.

తక్కువ చేసి రాయడం అసలు జరగదని నేను అనను. స్టేషన్ పరిధిలో రాబరీల సంఖ్య పెరిగితే క్రైమ్ మీటింగులో సమాధానం చెప్పుకోవాలి. ఆ టెన్షన్‌తో దోపిడీని దొంగతనంగా, దొంగతనాన్ని 'పోయింది'గా రాసేవాళ్లు ఉంటారు. మీకు కత్తి చూపించి లాక్కున్న కేసులో దొంగతనం అని రాస్తే ఊరుకోవద్దు. స్టేషన్లో వినకపోతే ఎస్పీకి, నగరమైతే కమిషనర్‌కి రాతపూర్వకంగా పంపొచ్చు. కొత్త చట్టం తెచ్చిన మార్పు ఒకటి కూడా తెలిసుండాలి. ఐదు వేల కంటే తక్కువ విలువైన మామూలు దొంగతనంలో పోలీసులు నేరుగా ఎఫ్ఐఆర్ కట్టి దర్యాప్తు చేయడానికి లేదు, మేజిస్ట్రేటు అనుమతి కావాలి. 'కేసు కట్టనన్నారు' అని మండిపడే ముందు పోయిన వస్తువు విలువ చూసుకోండి. ఇంట్లో జరిగిన దొంగతనానికి ఈ ఐదు వేల మినహాయింపు లేదు.

ఇంటి పనివాళ్ల మీద అనుమానం ఉందని మీరు చివర్లో ఒక ముక్క రాశారు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, చట్టం వాళ్ల కోసం 306 అని ఒక సెక్షనే పెట్టింది. పనిలో ఉన్నవాడు యజమాని సొత్తు దొంగిలిస్తే ఏడేళ్ల వరకు. అయితే ఆధారం లేకుండా పేరు రాయించకండి. అనుమానం ఉంటే అనుమానం అనే చెప్పండి.

బర్గ్లరీ అన్న మాట విషయానికొస్తే, మన నేరాల చట్టంలో ఆ పేరుతో నేరమే లేదు. అది ఇన్సూరెన్స్ పాలసీల మాట, దాని అర్థం పాలసీ కాగితంలోనే రాసుంటుంది. మామూలుగా అయితే బలవంతంగా లోపలికి చొరబడో, లోపల ఉండి బద్దలుకొట్టుకుని బయటపడో చేసిన దొంగతనం అని ఉంటుంది. అంటే ఇదీ దొంగతనంలో ఒక ఇరుకు ముక్కే, కాకపోతే దోపిడీ ముక్క వేరు, ఈ ముక్క వేరు. దోపిడీలో బలం మనిషి మీద పడితే ఇందులో తలుపు మీద పడుతుంది. తలుపు తీసి ఉంటే లోపలికొచ్చి పట్టుకుపోయారనుకోండి, అది దొంగతనమే గానీ అలాంటి పాలసీ కింద డబ్బు రాకపోవచ్చు. 2004లో సుప్రీంకోర్టు ఇలాంటి కేసులోనే, పాలసీలో బర్గ్లరీకి ఏ అర్థం రాసుకున్నారో అదే చెల్లుతుందని, బలప్రయోగం లేని దొంగతనం దాని కిందకి రాదని తేల్చింది.

మీ బాబాయి ఇంట్లో తాళం పగిలింది కాబట్టి ఆ ఇబ్బంది ఉండకూడదు. ఇన్సూరెన్స్ వాళ్లకి 'దోపిడీ' అని వచ్చిన పేపర్ కటింగు పంపి లాభం లేదు. పగిలిన తాళాన్ని పోలీసులు పంచనామాలో స్వాధీనం చేసుకున్నారో లేదో చూడండి. తలుపు, గడియ, బీరువా దెబ్బతిన్నచోట్లు ఫొటోలు తీసి ఉంచండి. ఎఫ్ఐఆర్‌తోపాటు పంచనామా నకలు కూడా తీసుకుని క్లెయిముకి జతచేయండి. తలుపు బాగు చేయించడం ఇన్సూరెన్స్ సర్వేయరు వచ్చి చూసి వెళ్లాకే పెట్టుకోండి.